చెయ్యి చాచింది ఎక్కమని కాదట

ప్యాంటు వెనక క్రీము మరక ఇంకా వదల్లేదు. మా ఆవిడ మొహం కూడా ఇంకా విచ్చుకోలేదు.

తప్పు వుడీ అలెన్‌ది. ఆయన 75 ఏళ్ల వయసులో, 2011లో ‘మిడ్‌నైట్ ఇన్ పారిస్’ తీశాడు. నవల రాయాలని తపించే హీరో అర్ధరాత్రి చర్చి మెట్ల మీద కూర్చుంటే, పాత ప్యూజో కారొచ్చి ఎక్కించుకుని 1920ల్లోకి తీసుకుపోతుంది. హెమింగ్వే, ఫిట్జెరాల్డ్ లాంటి రచయితలందరూ అక్కడే. నాకూ సగం రాసిన నవల ఒకటుంది.

మాది పది రోజుల్లో ఆరు దేశాల టూరు. పారిస్ వాటా ఒకటిన్నర రోజు, అందులో సగం పప్పూ అన్నం దొరికే హోటల్‌కి పోయి రావడానికే. టూర్ మేనేజర్ మమ్మల్ని గొర్రెల్లా లెక్కపెట్టి, "తొమ్మిది తర్వాత ఎవరూ కదలొద్దు" అన్నాడు. కదిలాను.

పాంథియన్ వెనక, సెయింట్ ఎతియెన్ దు మోఁ చర్చి పక్క మెట్లు. సినిమాలో మెట్లు అవే. నెత్తిన టూరువాళ్లిచ్చిన పసుప్పచ్చ టోపీతో కూర్చున్నాను. చర్చి గంటల సంగతి తెలీదు గానీ, నా ఫోన్లో పన్నెండింటి అలారం మోగింది. మోగీ మోగగానే ఒక కారొచ్చి ఆగింది. కొత్తదే, కానీ ముందు సింహం బొమ్మ. ప్యూజో!

వెనక తలుపు తెరుచుకుంది. మెడలో ముత్యాల దండతో ఒక పెద్దావిడ నా వైపు చెయ్యి చాచింది.

ఆ రెండు క్షణాల్లో నేను ఆలోచించని విషయం లేదు. 1920ల్లో దిగితే నాకు బ్రిటిష్ వాళ్ల పాస్‌పోర్టు ఉండాలి కదా? ఉన్న ఒక్క పాస్‌పోర్టూ టూర్ మేనేజర్ సంచిలో ఉంది. నవల ఫోన్లో ఉంది, చార్జింగ్ 11 శాతం, అక్కడ చార్జర్ ఎవరిస్తారు? సినిమాలో హీరో నవల చదివిపెట్టే రచయిత్రి గెర్‌ట్రూడ్ స్టైన్‌కి తెలుగు రాదు, చదివి వినిపిస్తే ఊరుకుంటుందా? రేపు పొద్దున ఆరింటికి స్విట్జర్లాండ్ బస్సు, 1920ల్లోంచి అందుకోగలనా?

అయినా ఆ చెయ్యి పట్టుకుని ఎక్కేశాను.

ఆవిడ చెయ్యి చాచింది దిగడానికట. ఏదో పార్టీలో మిగిలిన కేకు ఇంటికి తెచ్చుకుంటోంది. ఆ కేకు డబ్బా సీటు మీద పెట్టింది. నేను కూర్చుంది దాని మీదే. డ్రైవర్ వెనక్కి తిరిగి ఫ్రెంచిలో చాలాసేపు మాట్లాడాడు. నాకు అర్థమైంది "ఇండియా?" ఒక్కటే. కాదన్నాను.

తిరిగి ఎలా వచ్చానో, ఎంతయిందో మా ఆవిడకి చెప్పలేదు. ఆవిడ మరక చూసి, కథంతా విని, "ఆ సినిమాలో పిల్ల నయం, పెళ్లికి ముందే బయటపడింది" అంది.

పొద్దున్నే టూర్ మేనేజర్ బస్సులో అందరి ముందూ నా సీటు మీద ప్లాస్టిక్ కవరు పరిచాడు. కవరుకి రెండు యూరోలట.