చిన్న విమానంలో జీపీఎస్: పెట్టె ధర ఒకటి, పడే ఖర్చు ఇంకొకటి

సొంతంగా చిన్న విమానం ఉన్నవాళ్లు జీపీఎస్ కొనాలనుకుంటే ముందు చూసేది కేటలాగ్‌లో ఉన్న ధరే. దాన్నిబట్టి లెక్క వేసుకున్నవాళ్లకు వర్క్‌షాప్ బిల్లు చేతికొచ్చాక గుండె గుభేలుమంటుంది. ప్యానెల్‌లో బిగించే యూనిట్ ఒంటరిగా రాదు మరి. విమానం పైభాగాన యాంటెన్నాకు రంధ్రం పెట్టాలి, కేబుల్ లాగాలి, పైలట్ ఎదురుగా ఉండే సూచికకూ ఆటోపైలట్‌కూ కలపాలి. ఆపైన ఆమోద పత్రాలు. పాత విమానమైతే ప్యానెల్ విప్పగానే పెళుసుబారిన వైర్లు బయటపడతాయి, వాటినీ మార్చక తప్పదు. బిగింపు ఖర్చు యూనిట్ ధరతో పోటీ పడినా ఆశ్చర్యం లేదు. విమానం అమ్మేటప్పుడు ఆ డబ్బంతా వెనక్కి వస్తుందన్న ఆశ కూడా పెట్టుకోకూడదు.

అక్కడితో అయిపోదు. విమానయాన సమాచారం 28 రోజులకోసారి మారుతుంది కాబట్టి డేటాబేస్‌కు చందా కడుతూనే ఉండాలి. కొనేటప్పుడు చాలామంది మర్చిపోయేది దీన్నే.

మరి ఇంత పెట్టాలా? ఆకాశం తేటగా ఉన్నప్పుడే ఎగిరేవాళ్లకు అక్కర్లేదనే నా అభిప్రాయం. చేతిలో పట్టే పరికరమో, మంచి యాప్ ఉన్న టాబ్లెట్టో చాలు. ఇంజిన్ దడదడలాడినప్పుడు 'నియరెస్ట్' నొక్కితే దగ్గరి రన్‌వేలు దూరం, దిశలతో సహా వరసగా కనిపిస్తాయి. ప్రాణం నిలబెట్టే ఆ సాయం చవక పరికరంలోనూ దొరుకుతుంది. కాకపోతే ఎండ నేరుగా పడితే టాబ్లెట్ వేడెక్కి, సరిగ్గా అవసరమైన సమయానికే ఆరిపోవచ్చు. అందుకే రెండోది ఒకటి సంచిలో ఉండాలి. రెండూ కలిపినా ప్యానెల్ యూనిట్ ఖర్చు దరిదాపుల్లోకి రాదు.

మేఘాల్లో దూరి వెళ్లేవాళ్ల సంగతి వేరు. అక్కడ చేతి పరికరాన్ని నమ్ముకుని దిగడానికి నిబంధనలు ఒప్పుకోవు. అమెరికాలో వాస్, యూరప్‌లో ఎగ్నోస్, భారత్‌లో గగన్ అనే వ్యవస్థలు జీపీఎస్ ఉపగ్రహ సంకేతాల్లోని తప్పులకు దిద్దుబాట్లు పంపుతాయి. వాటిని అందుకునే ఆమోదిత యూనిట్ ఉంటే, నేల మీద ఐఎల్ఎస్ (రన్‌వేకు దిగే దారి చూపే రేడియో పరికరాలు) లేని రన్‌వేలకు కూడా ఎల్‌పీవీ పద్ధతిలో, అంటే ఉపగ్రహాల సాయంతో దిశా ఎత్తూ చూసుకుంటూ, అనుకూలమైన చోట్ల రన్‌వే కనిపించకపోయినా 200 అడుగుల ఎత్తు దాకా దిగి రావచ్చు. ఖరీదైన పెట్టె అమ్మేది అసలు ఈ సౌకర్యాన్నే. ఏడాదికి ఒకటి రెండుసార్లు కూడా అలా దిగని పైలట్‌కు ఆ డబ్బు శిక్షణ మీద పెట్టడం మేలు. సాధన తప్పినవాడు మేఘంలో బటన్ల కోసం వెతుక్కోవడం మరీ టెన్షన్.

సెకండ్ హ్యాండ్ బేరం ఊరిస్తుంది. 1998లో వచ్చిన గార్మిన్ జీఎన్ఎస్ 430 ఇప్పటికీ ఎన్నో ప్యానెళ్లలో కనిపిస్తుంది. కానీ వాస్ అప్‌గ్రేడ్ జరగని పాత యూనిట్‌తో ఎల్‌పీవీ కుదరదు. విడిభాగాలు దొరక్కపోతే ఆదా చేసిందంతా ఒక్క రిపేర్‌కే హరీ.

ఏది కొన్నా, బరువు తగ్గుతుందని వీఓఆర్ (నేల మీది రేడియో కేంద్రాలను బట్టి దిశ చెప్పే పాత పద్ధతి) రిసీవర్‌ను పీకించొద్దు. జీపీఎస్ సంకేతం నేలను చేరేసరికి చాలా బలహీనం, జామ్ చేయడం తేలిక. అమెరికా కూడా వీఓఆర్ కేంద్రాలను తగ్గించిందే తప్ప పూర్తిగా ఎత్తేయలేదు.