నెట్ దగ్గర నిలబడే డెల్రూ

ఫ్రాన్స్ బ్యాడ్మింటన్ క్రీడాకారిణి డెల్ఫిన్ డెల్రూ గురించి మీరు వ్యాసం రాసినందుకు థాంక్స్ అండీ. మన దగ్గర ఒక పురుషుడు, ఒక మహిళ జోడీగా ఆడే మిక్స్‌డ్ డబుల్స్ గురించి రాసేవాళ్లే తక్కువ. 2021 మార్చిలో బాసెల్‌లో స్విస్ ఓపెన్ ఫైనల్స్ రోజు నేను టీవీ పెట్టింది సింధు కోసం. ఆమె స్పెయిన్ క్రీడాకారిణి కరోలినా మారిన్ చేతిలో ఓడిపోయింది, మనసు పాడైంది. అదే రోజు, అదే హాల్లో డెల్రూ, ఆమె జోడీ థామ్ జికెల్ మిక్స్‌డ్ డబుల్స్ టైటిల్ కొట్టారు. ప్రేక్షకులు లేని కోవిడ్ రోజులవి.

మీ వ్యాసంలో పతకాలే ఎక్కువ కనిపించాయి. నాకైతే డెల్రూ నెట్ దగ్గర నిలబడే తీరే ఇష్టం. రాకెట్ ఎప్పుడూ పైకే ఉంటుంది, షటిల్ నెట్ పైఅంచు టేప్ దాటగానే కిందికి నొక్కేస్తుంది. మా కాలనీ కోర్టులో నేనూ నెట్ దగ్గరే ఆడతాను. షటిల్‌ను నెట్‌కి కాస్త పైనుంచి దగ్గర్లోనే పడేలా షార్ట్ సర్వీస్ వేసేటప్పుడు చెయ్యి వణుకుతుంది. ఆ టెన్షన్ తెలిసినవాళ్లకే ఆమె విలువ తెలుస్తుంది.

2024లో సొంతగడ్డ పారిస్‌లో డెల్రూ, జికెల్ ఒలింపిక్స్ గ్రూప్ దశలోనే ఇంటికెళ్లారు. చాలా బాధేసింది. మరుసటి ఏడాది అదే పారిస్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ కాంస్యం! అక్కడే పురుషుల డబుల్స్‌లో మన అమలాపురం సాత్విక్, అతని జోడీ చిరాగ్‌కూ కాంస్యమే వచ్చింది. ఆ వారం నాకు పండగే.