రెండు కవర్ల ఓటు

మా గోదావరి డెల్టాలో ఎన్నికలకి ఒక పద్ధతుంది. పోలింగుకి రెండ్రోజుల ముందు, చీకటి పడ్డాక, ఒకాయన ఓటర్ల జాబితా పట్టుకుని వస్తాడు, "మీ ఇంట్లో ఐదండి" అని మనకన్నా బాగా లెక్క చెప్తాడు, కవర్లిస్తాడు, వెళ్లిపోతాడు. హైదరాబాదులో ఉన్న పిల్లలకి బస్సు, బెంగళూరులో ఉన్నవాళ్లకి టికెట్ డబ్బులు. ఇంత పకడ్బందీ ఏర్పాటులో నాకు కనిపించిన లోపం ఒక్కటే: సైనికుడు.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం ఉంది కదా, అదే, మిలటరీ మాధవరం. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ సైన్యానికి మనుషుల్ని పంపుతున్న ఊరు, ఇంటికొకరున్నారని చెప్పుకుంటారు. అలాంటి ఊళ్లో జాబితా పట్టుకున్నాయన టెన్షన్ ఎవరైనా ఆలోచించారా? ఓటు ఇక్కడ, ఓటరు లేహ్‌లో. కవరు ఎవరి చేతిలో పెట్టాలి? ఈ సమస్య మీద నేను రొయ్యల చెరువు గట్టున కూర్చుని, మేత లోడు వచ్చేలోగా, తీవ్రంగా పరిశోధన చేశాను.

ముందు మన దేశం సంగతి. సైనికుడికి బ్యాలెట్ ఇప్పుడు కంప్యూటర్లో వెళ్తుంది, 2016లో మొదలెట్టారు. ఓటీపీ కొట్టి, పిన్ కొట్టి, దాన్ని దించుకుని, ప్రింటు తీసి, ఓటు గుర్తు పెట్టి, లోపలి కవర్లో పెట్టి అంటించి, డిక్లరేషన్ మీద సంతకం చేసి సాక్షి సంతకం కూడా పెట్టించి, ఆ రెండింటినీ బయటి కవర్లో పెట్టి పోస్టులో వెయ్యాలి. వెళ్లేటప్పుడు మెరుపు, వచ్చేటప్పుడు పోస్టుమేన్. లెక్కింపు రోజు పొద్దున్న ఎనిమిదింటికల్లా అందకపోతే అంతే. మంచు కొండ మీద ప్రింటరు ఎక్కడుందని అడక్కండి, దేశభక్తి ఉన్నవాడికి దొరుకుతుంది. నాకు బాధ కలిగించిన విషయం వేరే ఉంది. మనకి ఎవరో కవరు తెచ్చిస్తే ఓటేస్తాం, సైనికుడు మాత్రం ఓటేసి తనే రెండు కవర్లు ఎదురు పంపాలి. ఇదెక్కడి న్యాయం?

పరాయి దేశాలు ఏం చేశాయో చూద్దామని 1864 అమెరికాకి వెళ్లాను. అంతర్యుద్ధం మధ్యలో ఎన్నికలు, లింకన్ మీద పోటీ చేసింది ఆయనే పదవి పీకేసిన జనరల్ మెక్‌లెల్లన్. చాలా రాష్ట్రాలు సైనికులు శిబిరాల్లోనే ఓటేసే ఏర్పాటు చేశాయి. ఇండియానా చెయ్యలేదు. అప్పుడు లింకన్ జనరల్ షెర్మన్‌కి ఉత్తరం రాశాడు, ప్రమాదం లేదనుకుంటే ఇండియానా కుర్రాళ్లని ఇంటికెళ్లి ఓటేసి రానివ్వమని. బస్సులు పెట్టే పద్ధతి మన జిల్లాలోనే పుట్టిందనుకుని ఇన్నాళ్లూ గర్వపడ్డాను, కాదన్నమాట. సైనికుల ఓట్లలో ముప్పాతిక వంతు పైగా తమ పాత జనరల్‌ని కాదని లింకన్‌కే పడ్డాయి. అదే ఏడాది సైనికుల పేర్లతో దొంగ బ్యాలెట్లు తయారు చేశారని సైనికుల ఓట్లు పోగుచెయ్యడానికి వెళ్లిన న్యూయార్క్ రాష్ట్రం ఏజెంట్లని పట్టుకుని మిలటరీ కోర్టులో విచారించారు. అది చదివాక ఆ దేశం మీద నాకు సొంతూరి అభిమానం కలిగింది.

కానీ అసలు మేధావులు కెనడావాళ్లండి. 1917లో సైనికుల కోసం ప్రత్యేకంగా చట్టం చేశారు. అభ్యర్థి పేరు తెలియాల్సిన పని లేదు, 'ప్రభుత్వం' అనో 'ప్రతిపక్షం' అనో వేస్తే చాలు. మరి ఏ నియోజకవర్గం? ఫలానా ఊరు నాది అని సైనికుడు చెప్పలేకపోతే, ఆ ఓటుని ఎక్కడ లెక్కలో కలపాలో పార్టీ చూసుకుంటుంది! ఒక్కసారి కళ్లు మూసుకుని ఊహించండి. భీమవరంలో వెయ్యి ఓట్లు తగ్గుతున్నాయా, సరే, కొన్ని అటు పంపించు. తణుకులో తేలిగ్గా గెలుస్తున్నామా, అక్కడ దండగ, పాలకొల్లుకి మళ్లించు. కాలవకి లాకులెత్తి నీళ్లు వదిలినట్టు ఓట్లు వదలొచ్చు. ఎన్నికల్లో ప్రభుత్వమే గెలిచిందని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

ఇంగ్లండు వాళ్లు మాత్రం ఉత్త చాదస్తులు. 1945 జూలై 5న పోలింగు పెట్టుకుని, ఎక్కడెక్కడో ఉన్న సైనికుల ఓట్లు రావాలని 26 దాకా లెక్కపెట్టకుండా కూర్చున్నారు. మూడు వారాలు! మా దగ్గరైతే ఆ మూడు వారాల్లో పందేలు కాసేవాళ్లు పొలాలమ్ముకునేవారు. తీరా విప్పి చూస్తే యుద్ధం గెలిపించిన చర్చిల్ ఓడిపోయాడు. అదే యుద్ధంలో మాధవరం నుంచి వెళ్లినవాళ్లు కూడా పోరాడారు. వాళ్లకి ఆ ఎన్నికల్లో ఓటు లేదు, తూటా మాత్రం దొరగారితో సమానంగానే తగిలేది.

సరే, మన దగ్గర ఇంకో దారి కూడా ఉంది, 2003లో వచ్చింది. సైనికుడు తన బదులు సొంత నియోజకవర్గంలో ఒక మనిషిని పెట్టుకోవచ్చు. ఆ మనిషి బూత్‌కెళ్లి తన ఓటు తను వేసుకుని, అతని ఓటు కూడా వేస్తాడు. తన ఓటుకి చూపుడు వేలి మీద సిరా, సైనికుడి ఓటుకి మధ్య వేలి మీద. మా బాబాయ్ వాళ్లబ్బాయి తరఫున ఇలాగే వేసి, బయటికొచ్చి రెండు వేళ్లూ ఎత్తి చూపిస్తే, విక్టరీ అనుకుని ఇద్దరు కార్యకర్తలు దండం పెట్టారు.

అంతకు రెండ్రోజుల ముందు రాత్రి జాబితా ఆయన బాబాయ్ వాళ్లింటికీ వచ్చాడు. నాలుగు కవర్లిచ్చి, "మిలటరీ ఓటు మా లెక్కలో లేదండి, ఆయ్" అన్నాడట. బాబాయ్ ఏమీ అనలేదు. లోపలికెళ్లి కొడుక్కి ఫోన్ చేశాడు, మూడుసార్లు కట్టయ్యింది, నాలుగోసారి దొరికాడు.

"ఎవరికి వెయ్యమన్నాడు బాబాయ్?" అని ఇప్పటికి పదిసార్లు అడిగుంటాను. "వాడి ఓటురా అది, నేనెలా చెప్తాను" అంటాడు. మరి నీ ఓటో అంటే మాత్రం వెంటనే చెప్పేశాడు, కవర్లో ఎంతుందో కూడా.