మెడలో పైపు ఉండగా చేతికి ఆపరేషన్ ఎందుకు? ఒక ప్రచారానికి సమాధానం

హైదరాబాద్‌లో డయాలసిస్ రోగుల, వారి కుటుంబ సభ్యుల వాట్సాప్ గ్రూపులలో కొంతకాలంగా ఒక సందేశం తిరుగుతోంది. మెడ దగ్గర అమర్చే క్యాథెటర్ అనే పైపుతోనే సూది బాధ లేకుండా ఏళ్ల తరబడి డయాలసిస్ చేయించుకోవచ్చుననీ, చేతికి ఫిస్టులా వేయడం (ఆపరేషన్‌తో ధమనిని సిరతో కలపడం) కార్పొరేట్ ఆసుపత్రులు ఈ మధ్య తెచ్చిపెట్టిన వ్యాపారమనీ, దానివల్ల చేయి చచ్చుబడి గుండె దెబ్బతింటుందనీ, అది వేయించుకున్నవారికి ఇక డయాలసిస్ తప్పదనీ దాని సారాంశం. ఫిస్టులా ఆగిపోతే వేడి కాపడం పెట్టి నాలుగు రోజులు చూడమన్న సలహా కూడా చివరలో ఉంది. ఇందులో కొన్ని మాటలు సగం నిజాలు కావడం వల్లనే నమ్మకం కలిగిస్తున్నాయి.

ముందుగా ‘ఈ మధ్య తెచ్చిన వ్యాపారం’ అన్న మాట. 1960లో అమెరికాలోని సియాటెల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ బృందం చేతిలోని ధమనినీ సిరనూ చర్మం బయట ఉండే టెఫ్లాన్ గొట్టంతో కలిపి, దీర్ఘకాల డయాలసిస్‌ను మొదటిసారి సాధ్యం చేసింది. అయితే ఆ గొట్టంలో రక్తం గడ్డకట్టేది, అది చర్మంలోంచి బయటికి వచ్చే చోట ఇన్ఫెక్షన్ సోకేది. ఆ బాధ తప్పించడానికే న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో బ్రెషియా, చిమినో, అపెల్, హర్విచ్ అనే వైద్యులు మణికట్టు దగ్గర రోగి సొంత ధమనిని పక్కనున్న సిరతో నేరుగా కలిపే పద్ధతిని రూపొందించి 1966లో ప్రచురించారు. అంటే బయటికి పొడుచుకొచ్చిన ప్లాస్టిక్ గొట్టం నుంచి రోగిని విడిపించడానికి పుట్టినదే ఫిస్టులా. సందేశం మనల్ని తిరిగి ఆ గొట్టం దగ్గరికే పొమ్మంటోంది.

మెడ పైపుతో సూదులు గుచ్చించుకునే అవసరం లేదన్నది నిజమే, పెట్టిన రోజునుంచే దాన్ని వాడుకోవచ్చుననీ ఒప్పుకోవాలి. ఊపిరాడని స్థితిలో జిల్లాలనుంచి నిమ్స్‌కో గాంధీకో ఉస్మానియాకో చేరుకున్న రోగికి ఆ క్షణంలో వేరే దారి ఉండదు. కానీ ఈ పైపులు రెండు రకాలనీ, అత్యవసరంగా నేరుగా మెడలోకి గుచ్చే తాత్కాలిక పైపును రెండు వారాలకు మించి ఉంచకూడదనీ సందేశం చెప్పదు. రోగులు పర్మ్‌క్యాత్ అని పిలిచే రెండో రకాన్ని చర్మం కింద కొంత దూరం నడిపించి సిరలోకి పంపుతారు. దాని చుట్టూ ఉండే చిన్న పట్టీకి కణజాలం అతుక్కోవడంతో అది నెలల తరబడి నిలుస్తుంది. ఏ రకమైనా దాని కొస గుండె దగ్గరే ఉంటుంది కాబట్టి, చర్మం మీది సూక్ష్మక్రిములకు రక్తంలోకి తిన్నని దారి ఏర్పడినట్లే. డయాలసిస్ మొదలైన కాసేపటికి వణుకుతో జ్వరం వచ్చే రోగుల సంగతి ఏ టెక్నీషియన్‌ను అడిగినా చెబుతారు. రక్తంలో ఇన్ఫెక్షన్ వచ్చే అవకాశం ఫిస్టులా ఉన్నవారితో పోలిస్తే పైపు ఉన్నవారిలో అనేక రెట్లు ఎక్కువ. పైపు దగ్గర కట్టు తడవకూడదు కనుక, ఈ నగరపు మే నెల ఎండల్లో తలారా స్నానం చేయలేకపోవడం కూడా చిన్న కష్టమేమీ కాదు.

అంతకన్నా పెద్ద నష్టం కంటికి కనిపించదు. నెలల తరబడి పైపు రాసుకుంటూ ఉంటే ఛాతీలోని పెద్ద సిరల గోడలు దళసరెక్కి, లోపలి దారి ఇరుకవుతుంది. కాలరు ఎముక కింది సిరలో పెట్టిన పైపుతో ఈ ముప్పు మరీ ఎక్కువ, అందుకే సాధారణంగా మెడ కుడివైపు సిరను ఎంచుకుంటారు. పెద్ద సిర మూసుకుపోతే ఆ వైపు చేయి, ఒక్కోసారి ముఖం కూడా, ఉబ్బుతుంది. తర్వాత ఆ చేతికి ఫిస్టులా వేసినా రక్తం తిరిగి గుండెకు చేరే దారి ఉండదు. పైపును ఏళ్ల తరబడి వాడుకోవచ్చునన్న మాటలోని అసలు మోసం ఇదేనని నా అభిప్రాయం: అది ఈ నెల సౌకర్యాన్ని లెక్కపెట్టి, అయిదేళ్ల తర్వాత మిగలాల్సిన దారులను లెక్కలోంచి తీసేస్తుంది.

చేయి చచ్చుబడుతుందన్న భయానికి ఆధారం లేకపోలేదు. ధమనిలోని రక్తం ఎక్కువగా ఫిస్టులాలోకి మళ్లిపోతే వేళ్లు చల్లబడి, తిమ్మిరెక్కి, నొప్పి పుట్టవచ్చు. మధుమేహం ఉన్నవారిలోనూ, మోచేయి దగ్గర వేసిన ఫిస్టులాలలోనూ ఇది కొంత ఎక్కువగా కనిపిస్తుంది. అయితే అరచేతికి రెండు ధమనులు రక్తాన్ని అందిస్తాయి కాబట్టి, ముందుగా డాప్లర్ అనే స్కానింగ్‌తో రక్తనాళాలను పరీక్షించి మణికట్టు దగ్గర వేసినప్పుడు ఈ సమస్య అరుదు. వచ్చినా దాన్ని సరిచేసే ఆపరేషన్లు ఉన్నాయి. వెంటనే డాక్టరుకు చెప్పాలి, అంతే.

గుండె విషయమూ ఇలాంటిదే. ఫిస్టులాలో రక్త ప్రవాహం నిమిషానికి ఒకటిన్నర, రెండు లీటర్లు దాటినప్పుడు, ముఖ్యంగా అప్పటికే బలహీనమైన గుండె ఉన్నవారికి, అది భారమవుతుంది. అలాంటివారికి ఎకో (గుండె స్కానింగ్) పరీక్ష చూసి నిర్ణయిస్తారు, అవసరమైతే ప్రవాహాన్ని తగ్గిస్తారు. కొందరికి వర్తించే జాగ్రత్తను అందరికీ నిషేధంగా మార్చడం వైద్యం కాదు.

ఫిస్టులా వేయించుకుంటే డయాలసిస్ తప్పదన్నది పూర్తిగా తలకిందులైన వాదన. మిషన్‌కు నిమిషానికి దాదాపు 300 మిల్లీలీటర్ల రక్తం కావాలి. మామూలు సిర అంత ఇవ్వలేదు. ధమని ఒత్తిడికి సిర వెడల్పై, గోడ దళసరెక్కి సూదికి సిద్ధం కావడానికి ఆరు వారాలనుంచి మూడు నెలల వరకు పడుతుంది. అందుకే కిడ్నీల వడపోత సామర్థ్యాన్ని తెలిపే ఈజీఎఫ్‌ఆర్ విలువ 15–20కి పడిపోయి ఇంకా తగ్గుతున్న దశలోనే ఏర్పాటు మొదలుపెట్టమంటారు. ఆరోగ్యశ్రీ కింద డయాలసిస్ ఉచితంగా దొరికినా, ఆ రోజుకు చేయి సిద్ధంగా లేకపోతే మళ్లీ మెడ పైపే గతి.

సందేశం అడగవలసిన నిజమైన ప్రశ్న వేరే ఉంది: వేసిన ఫిస్టులాలన్నీ పనికొస్తాయా? రావు. 2008లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో కొత్త ఫిస్టులాలలో దాదాపు 60 శాతం మొదటి కొన్ని నెలల్లో డయాలసిస్‌కు తగినంతగా సిద్ధం కాలేదు. సిరలు సన్నగా ఉన్నవారికి కృత్రిమ నాళంతో వేసే గ్రాఫ్ట్ రెండు మూడు వారాల్లోనే వాడుకకు వస్తుంది, కానీ అది గడ్డకట్టే అవకాశం ఎక్కువ. గుండె బాగా బలహీనమైన వృద్ధులకు, త్వరలో కిడ్నీ మార్పిడి జరగబోయేవారికి పర్మ్‌క్యాతే సరైన ఎంపిక కావచ్చు. అందుకే 2019 నాటి అమెరికన్ మార్గదర్శకాలు అందరికీ ముందు ఫిస్టులాయే అన్న పట్టుదలను సడలించి, రోగి వయసును, ఆరోగ్యాన్ని, మున్ముందు చికిత్స ప్రణాళికను చూసి నిర్ణయించమన్నాయి. దీన్నిబట్టి ఫిస్టులా వద్దని కాదు, సిరలను ముందునుంచే కాపాడుకోవాలని అర్థం. రక్తంలో క్రియాటినిన్ పెరుగుతూ కిడ్నీలు దెబ్బతింటున్న వ్యక్తి జ్వరంతో చేరినా సెలైన్ కోసం ముంజేతి సిరలోనే క్యాన్యులా గుచ్చేయడం మన ఆసుపత్రుల్లో అలవాటుగా సాగిపోతోంది. అరచేతి వెనక గుచ్చమని రోగి గానీ, వెంట ఉన్నవారు గానీ అడగవచ్చు, అడగాలి కూడా.

ఇక వేడి కాపడం సలహా. మొత్తం సందేశంలో ఇదే అత్యంత ప్రమాదకరమైనది. పనిచేస్తున్న ఫిస్టులా మీద వేళ్లు ఆనిస్తే సన్నని అదురు తెలుస్తుంది. రోజూ పొద్దున లేవగానే దాన్ని చూసుకోవాలి, ఆ చేతికి బీపీ పట్టీ కట్టనివ్వకూడదు, బిగుతు గాజులు వేసుకోకూడదు, దానిమీద తలపెట్టి పడుకోకూడదు. అదురు ఆగిందంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఒకటి రెండు రోజుల్లోపు గడ్డను తీసి ఫిస్టులాను నిలబెట్టే అవకాశం ఉంటుంది, ఆలస్యమైనకొద్దీ అది సన్నగిల్లుతుంది. కాబట్టి ఆదివారమైనా, పండుగైనా, తర్వాతి డయాలసిస్ రోజు వరకు ఆగకుండా అదే రోజు డయాలసిస్ యూనిట్‌కు ఫోన్ చేయాలి.