నాలుగో వంతు ఎక్కడిది చిన్నాన్నా?

మొన్న ఆదివారం మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఒడిశా గుణుపురంలో ఉండే చిన్నాన్న ఒక మెసేజ్ పెట్టారు. సాయంత్రానికి అదే మెసేజ్ రాయగడ వ్యాపారుల గ్రూపులో, రాత్రికి పర్లాకిమిడి బావగారి స్టేటస్‌లో కనిపించింది. పొడుగు తగ్గించి చెబితే సంగతి ఇది: ధనిక దేశాలు బడ్జెట్‌లో నాలుగో వంతు పేద దేశాలకు దానం చేస్తున్నాయి. అదంతా అక్కడి నాయకుల జేబుల్లోకే పోతోంది, ఒక్క దేశమూ బాగుపడలేదు. మనం మాత్రం ఎవరి సాయమూ లేకుండా పైకొచ్చాం. అసలు వాళ్ల పేదరికానికి వీళ్ల పూచీ ఏమిటి? సాయం ఆపేస్తే సోమరితనం వదిలి వాళ్లే పని చేసుకుంటారు. కింద మూడు దండాలు, 'పదిమందికి పంపండి'.

"నిజమే కదా నాన్నా?" అని చిన్నాన్న నన్నే అడిగారు. గ్రూపులో రెండు ముక్కల్లో తేలేది కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ నాలుగో వంతు. ఇది ఎవరో కూర్చుని పుట్టించింది కూడా కాదు. అమెరికాలో సర్వేలు చేసి, మీ ప్రభుత్వ ఖర్చులో విదేశీ సాయం ఎంత అని అడిగితే జనం సగటున పాతిక శాతం దాకా చెబుతారు. అసలు లెక్క ఒక శాతం అటూ ఇటూ. ఊహ లెక్కైపోయి, ఆ లెక్క మన ఫోన్లలోకొచ్చింది. ధనిక దేశాలు ఒప్పుకున్నది ఎంతో చూస్తే ఇంకా చిత్రం. 1970లో ఐక్యరాజ్యసమితి జనరల్ అసెంబ్లీలో పెట్టుకున్న లక్ష్యం జాతీయాదాయంలో 0.7 శాతం. అంటే వంద రూపాయలకు డెబ్బై పైసలు. 2024లో ఆ దేశాలన్నీ కలిపి ఇచ్చింది 0.33 శాతం. మాట నిలబెట్టుకున్నవి నార్వే, స్వీడన్, డెన్మార్క్, లక్సెంబర్గ్, నాలుగే. బ్రిటన్ 0.7 ఇవ్వాలని 2015లో ఏకంగా చట్టమే చేసుకుంది. 2021లో 0.5కి దించింది, 2027కల్లా 0.3 చేస్తామని ప్రకటించింది. పైగా తమ దేశానికి వచ్చిన శరణార్థులకు మొదటి ఏడాది పెట్టే ఖర్చు కూడా ఈ సాయం పద్దులోనే రాసుకోవచ్చు. ఇంటికొచ్చిన చుట్టానికి అన్నం పెట్టి, పక్క ఊరికి చందా ఇచ్చినట్టు రాసుకోవడమన్నమాట.

నాయకుల జేబుల సంగతి. ఇందులో సగం నిజం ఉంది, లేదనను. అప్పట్లో జైర్‌ను, అంటే ఇప్పటి కాంగోను, ఏలిన మొబుటు ఎంత మింగాడో లోకానికి తెలుసు. ఆయనకు డబ్బు పోసినవాళ్లకూ తెలుసు. ప్రచ్ఛన్న యుద్ధంలో తమవైపు ఉంటే చాలనుకుని పోశారు. అలాంటి డబ్బును అభివృద్ధి సాయం ఖాతాలో వేసి, అభివృద్ధి జరగలేదేమని అడగడం న్యాయం కాదు.

కానీ 'ఒక్క దేశమూ బాగుపడలేదు' అన్నది మాత్రం తప్పు. కొరియా యుద్ధం తర్వాత దక్షిణ కొరియా బతికిందే విదేశీ సాయం మీద. 2010లో అదే కొరియా సాయమిచ్చే దేశాల కమిటీలో సభ్యురాలైంది. మశూచికం భూమ్మీద లేదని 1980లో ప్రకటించారు. ఆ పనికి సోవియట్ యూనియన్ వందకోట్లకు పైగా డోసులు ఉచితంగా ఇచ్చింది, అమెరికా డబ్బూ మనుషులనూ ఇచ్చింది. అప్పుడు ఒకరి ముఖం ఒకరు చూసుకోని దేశాలవి. చిన్నాన్న చిన్నప్పుడు అమ్మవారు పోసిన ముఖాలు సంతలో ప్రతివారం కనిపించేవట. నేను చూసినవి ఇద్దరో ముగ్గురో, అందరూ ముసలివాళ్లే.

ఇక మనం ఎవరి సాయమూ లేకుండా పైకొచ్చామన్న మాట. ఇది రాసినవాడు కోరాపుట్ వైపు ఎప్పుడూ వచ్చి ఉండడు. సునాబెడలో మిగ్ విమానాల ఇంజన్లు తయారైంది సోవియట్ సహకారంతో. దమన్‌జోడి అల్యూమినా కర్మాగారానికి పరిజ్ఞానం ఫ్రాన్స్‌ది. పైన రూర్కెలా ఉక్కు జర్మన్లతో. కష్టం మనదే, ఎవరూ కాదనరు. కాకపోతే చెయ్యి అందించినవాళ్లున్నారు.

నాది విత్తనాల కొట్టు కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. ఐఆర్8 అనే పొట్టి వరి 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నుంచి వచ్చింది. ఆ సంస్థను నిలబెట్టిన డబ్బు అమెరికాలోని ఫోర్డ్, రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్లది. మరుసటి ఏడు పశ్చిమ గోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దాన్ని వేసి చూపించారు. ఆ తర్వాతి కథ మన ముసలి రైతులే చెబుతారు. అయితే ఐఆర్8 తల్లిదండ్రుల్లో ఒకటి ఇండోనేషియా వరి, రెండోది తైవాన్ వరి. అమెరికాది డబ్బు, విత్తనం ఆసియా రైతులది. కోరాపుట్ జిల్లాలోని మా జయపురం ప్రాంతంలో 1955 నుంచి 1959 దాకా కటక్ వరి పరిశోధన కేంద్రంవాళ్లు ఊరూరా తిరిగి 1,700 పైచిలుకు దేశవాళీ వరి రకాలు సేకరించారు. ఆదివాసీలు తరతరాలుగా ఏరి దాచుకున్న గింజలవి. వాటికి ఎవరూ బిల్లు వేయలేదు. ఎవరు ఎవరికి సాయం చేశారో తేల్చాలంటే ఇవి కూడా తక్కెట్లో వేయాలి.

మరీ పాత సంగతులు అనుకుంటే, 2004 తర్వాత మొదలైన ఒడిశా గిరిజన జీవనోపాధి పథకం ఉంది. ఐక్యరాజ్యసమితి వ్యవసాయ నిధి అప్పు, బ్రిటన్ గ్రాంటు కలిపి రాయగడ, గజపతి, కోరాపుట్ సహా ఏడు జిల్లాల్లో నడిచింది. సరుకు వేయడానికి వెళ్లే ఒక కొండ ఊళ్లో ఆ పథకం కింద వేసిన నీళ్ల పైపు చూశాను. పైన ఊట, దాని కింద చిన్న సిమెంటు తొట్టి, అక్కణ్ణుంచి వాలుకు ఊళ్లోకి పైపు. మోటారు లేదు, కరెంటు లేదు. బోర్డు మీద అక్షరాలు వెలిసిపోయాయి గాని కొళాయి తిప్పితే నీళ్లొస్తున్నాయి. దాని పక్క ఊళ్లో ఇంకెవరో దాతలిచ్చిన సోలార్ పంపు తుప్పు పట్టి ఉంది. చిన్న పార్టు పోయిందట, ఇక్కడ దొరకదు. సాయం ఎలా చెయ్యాలన్న తగువు పెట్టుకుంటే ఆ పంపు చూపించి నేనూ తిడతాను.

అన్నిటికన్నా నన్ను గుచ్చింది 'వీళ్ల పూచీ ఏమిటి' అన్న ప్రశ్న. దీనికి జవాబు చిన్నాన్న నోట్లోనే ఉంది. 2015లో గనుల చట్టం మార్చి జిల్లా ఖనిజ నిధి, అదే మనం డీఎంఎఫ్ అంటామే, అది పెట్టారు. పాత లీజులున్న గనులవాళ్లు ప్రభుత్వానికి కట్టే రాయల్టీ మీద ఇంకో 30 శాతం దీనికి కట్టాలి. పోయిన దసరాకి మజ్జిగౌరమ్మ గుడి నుంచి వస్తూ ఎవరో దాన్ని 'కంపెనీలు చేసే దానం' అంటే చిన్నాన్న గయ్యిమన్నారు. "కొండ మనది, దుమ్ము మనది, రోడ్డు గుంతలు మనవి. దానమేంటయ్యా, అది మన వాటా!" నిధి డబ్బు సరిగ్గా ఖర్చు పెట్టడం లేదని రోజూ తిట్టేదీ ఆయనే. అలాగని నిధి ఎత్తేయమని ఎప్పుడూ అనలేదు.

దేశాల మధ్యా అంతే. 1866 కరువులో ఒరిస్సాలో సుమారు పది లక్షల మంది పోయారు. అప్పుడు మనల్ని ఏలుతున్నది బ్రిటనే. అదే కాలంలో మన దేశం నుంచి బియ్యం బ్రిటన్‌కు ఎగుమతి అవుతూనే ఉంది. నార్వే ఏలిన వలస రాజ్యాలు లేవు కదా అంటారేమో, నిజమే, అందరి బాకీ ఒకటే అనడం లేదు. కానీ గాలిలో కలిపిన పొగ లెక్క ఉంది. ఇప్పటిదాకా లోకం వదిలిన కార్బన్ డయాక్సైడులో దాదాపు నాలుగో వంతు అమెరికాది. మన వాటా మూడు శాతం చిల్లర. (ఆ మెసేజ్ రాసినవాడికి నాలుగో వంతు కావాలంటే ఇది వాడుకోవచ్చు.) 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు గజపతి జిల్లా బరఘరలో కొండచరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. ఫలానా తుఫాను ఫలానా దేశం పొగ వల్లే అని ఎవరూ చెప్పలేరు. సముద్రం వేడెక్కితే తుఫాన్లకు బలం పెరుగుతుందని మాత్రం చెప్పగలరు. ఈ వాతావరణ మార్పును ఎదుర్కోవడానికి పేద దేశాలకు 2020 నాటికి ఏటా పదివేల కోట్ల డాలర్లు సమకూరుస్తామని 2009లో మాటిచ్చి, 2022లో గాని అందుకోలేకపోయారు. అందులోనూ ఎక్కువ భాగం అప్పులే.

చివరిది సోమరితనం. 2025లో అమెరికా తన సాయం ఏజెన్సీని మూసేసింది. 2003 నుంచి ఆఫ్రికాలో లక్షల మందికి ఎయిడ్స్ మందులు అందింది అమెరికా డబ్బుతోనే. ఆ మాత్ర రోజూ వేసుకోవాలి, ఆపితే రోగం తిరగబెడుతుంది. చిన్నాన్న కూడా నెలనెలా ప్రభుత్వాసుపత్రిలో ఉచిత మందుల పథకం 'నిరామయ' కౌంటర్లో లైన్లో నిలబడి బీపీ మాత్రలు ఉచితంగా తెచ్చుకుంటారు. ఏడేళ్లైంది. బట్టల కొట్టు ఇప్పటికీ పొద్దున్న ఎనిమిదికల్లా తీస్తున్నారు.