చిప్స్ ప్యాకెట్‌ను కాపాడిన సవరణ

చెత్త ఏరుకునేవాళ్లు ఖాళీ నీళ్ల సీసా కనిపిస్తే వదలరు. పాల కవర్లూ ఏరుకుంటారు. చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాచెట్ల జోలికి మాత్రం పోరు. పాతసామాన్ల షాపులో వాటిని కొనేవాళ్లు లేరు మరి. ప్లాస్టిక్ పొర, దాని మీద సన్నటి అల్యూమినియం పూత, మళ్లీ ప్లాస్టిక్ అన్నీ ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. విడదీయడానికయ్యే ఖర్చు కూడా తిరిగి రాదు. అందుకే కాలువల్లో చివరికి మిగిలేవి అవే.

2016లో కేంద్రం తెచ్చిన ప్లాస్టిక్ వ్యర్థాల నిర్వహణ నిబంధనలు సరైన చోటే పట్టుకున్నాయి. రీసైకిల్ కాని మల్టీలేయర్ ప్లాస్టిక్ (ఇలా పొరలు పొరలుగా ఉండేది) తయారీ, వాడకం రెండేళ్లలో ఆగిపోవాలన్నాయి. గడువు ముగిసే వేళకు, 2018 మార్చిలో సవరణ వచ్చింది. నిషేధించడానికి రీసైకిల్ కాకపోవడం ఒక్కటే చాలదు, కాల్చి శక్తి రాబట్టడానికో మరో అవసరానికో పనికొస్తే ఇబ్బంది లేదన్నట్టుగా నిబంధన మారిపోయింది. ప్లాస్టిక్ అన్నాక కాలుతుంది కదా! నిషేధం కాగితం మీద అలాగే ఉంది, దాని కిందకు వచ్చే ప్యాకెట్టే లేకుండా పోయింది.

ఇదే దారిలో 2022 నాటి ఈపీఆర్ (తాము అమ్మిన ప్లాస్టిక్ చెత్తకు కంపెనీలే బాధ్యత వహించాలనే విధానం) మార్గదర్శకాలు రీసైకిల్ కాని ప్లాస్టిక్‌ను సిమెంట్ బట్టీల్లో కాల్చడాన్ని కూడా కంపెనీల ఖాతాలో బాధ్యత తీరినట్టే లెక్కేస్తున్నాయి. సిమెంట్ ఫ్యాక్టరీలు దండిగా ఉన్న నల్లగొండ, కడప జిల్లాల వాళ్లకు ఇది ఎక్కడో ఢిల్లీ వ్యవహారం కాదు. పైగా ఆ లెక్కల్లో నిజమెంత? 2023లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి తనిఖీ చేస్తే, నాలుగే నాలుగు రీసైక్లింగ్ సంస్థలు ప్లాస్టిక్‌ను రీసైకిల్ చేశామంటూ దాదాపు 6 లక్షల నకిలీ సర్టిఫికెట్లు సృష్టించినట్టు తేలింది.

కంపెనీలు తమ మాట చెప్పుకోకూడదని నేననను. చిన్న ప్యాకెట్ పేదవాడికి అందుబాటులో ఉంటుందన్న వాదనలో నిజముంది. ఒకే రకం ప్లాస్టిక్‌తో ప్యాకెట్ చేయడానికి టైమ్ పడుతుందన్నదీ నిజమే. కానీ ఆ దారి పట్టించేది గడువే, దాన్నే తీసేస్తే మార్చుకోవాల్సిన అవసరం ఎవరికుంటుంది? ఈలోగా ఆ చెత్త ఎత్తే ఖర్చంతా మున్సిపాలిటీల మీద, అంటే మన ఇంటి పన్ను మీద పడుతోంది.

2022లో ప్లాస్టిక్ స్ట్రాల నిషేధాన్ని వాయిదా వేయమని అమూల్ ప్రధాని కార్యాలయానికి లేఖ రాసింది. ఆ విషయం పత్రికల్లో వచ్చింది, జనం చర్చించుకున్నారు. నిషేధం అనుకున్నట్టే జులై 1న అమల్లోకి వచ్చింది. అడిగేది నలుగురికీ తెలిసేలా అడగడం అంటే అదీ. మల్టీలేయర్ విషయంలో అలాంటి చర్చ జనంలో జరగనే లేదు. అమెరికాలో లాబీయిస్టులు, అంటే కంపెనీల తరఫున ప్రభుత్వం దగ్గర పైరవీ చేసేవాళ్లు, చట్టప్రకారం పేరు నమోదు చేసుకోవాలి, మన దగ్గర అలాంటి చట్టం లేదు. ముసాయిదాలపై వచ్చిన అభిప్రాయాల సారాంశాన్ని వెబ్‌సైట్‌లో పెట్టాలని 2014లో కేంద్రమే ఒక విధానం పెట్టుకుంది, దానికీ చట్టబలం లేదు.

ప్లాస్టిక్ నిబంధనలను మళ్లీ సవరించేటప్పుడు ఏ కంపెనీ, ఏ సంఘం ఏం కోరిందో పర్యావరణ శాఖ పేర్లతో సహా ముందే బయటపెట్టాలి. కోరిన మినహాయింపు ఇస్తే ఎందుకు ఇచ్చిందో నోటిఫికేషన్‌లోనే రాయాలి.