ఊరికి ఒకే బుజ్జి

బుజ్జి లేని తెలుగిల్లు ఉండదు. పక్కింట్లోనూ ఒక బుజ్జి ఉంటుంది. ఎవరి గుమ్మంలో నిలబడి పిలిస్తే వాళ్ల బుజ్జే పలుకుతుంది. 1994లో కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషకి ఆన్సీ (అమెరికా ప్రమాణాల సంస్థ) ప్రమాణం ఖాయం చేసిన పెద్దలకు ఇంత చిన్న సంగతి తట్టలేదు పాపం. వాళ్ల చట్టంలో ప్యాకేజీకి, అంటే కోడ్‌లోని పేర్లు కాపురముండే ఇంటికి, నిక్‌నేమ్ పెడితే అది ఊరు మొత్తానికీ, అంటే ప్రోగ్రాం అంతటికీ, చెల్లుతుంది. ఇంకొకరు అదే పేరు పెట్టబోతే ఎర్రర్.

ఒక్కసారి బారసాల ఊహించుకోండి. పళ్లెంలో బియ్యం పోశారు, తండ్రి ఉంగరంతో ‘బు’ రాశాడు. తలారి పరుగెత్తుకొచ్చాడు: "ఆగండయ్యా, ఆ పేరు మూడో వీధివాళ్లు పెట్టేసుకున్నారు!" పంతులుగారు తొణక్కుండా డీబగ్గర్ (తప్పు దొర్లితే ఏం చేయాలో అడిగే తెర) తెరిచి చదివారు: "0, మళ్లీ ప్రయత్నించు. 1, అన్నీ వదిలేసి ఇంటికి పో." మేనమామ ఒకటి నొక్కాడు. భోజనాలు కూడా లేవు.

భాషతోనే వచ్చే కామన్-లిస్ప్ అనే ప్యాకేజీకి సీఎల్ అనే నిక్‌నేమ్ ఉంది కదా అనకండి. అది గ్రామదేవత, ఊరంతటికీ ఒకటే ఉండాలి. నీ స్ట్రింగులు కత్తిరించే ప్యాకేజీ గ్రామదేవత కాదు.

మొన్న శుక్రవారం సాయంత్రం ఒక లైబ్రరీ కొత్త వెర్షన్ దించాను. దాని కర్త కొత్తగా ‘యుటిల్’ అనే నిక్‌నేమ్ తగిలించాడు. మాకు ఆ పేరుతో ప్యాకేజీ ముందే ఉంది. బిల్డ్ ఢమాల్. అడిగితే "టైప్ చేయడం తేలిక" అన్నాడు. ఎవడిచ్చాడయ్యా నీకా హక్కు? లైబ్రరీ రాశావు, దండం పెడతాను. నా ఇంట్లో దాన్ని ఏమని పిలవాలో చెప్పడానికి నువ్వెవరు? నీ ప్యాకేజీకి ఇంటిపేరు, ఊరిపేరు, తాతపేరు కలిపి బారెడు పేరు పెట్టుకో, నాకేం బాధ లేదు. పొట్టిపేరు నేను పెట్టుకుంటాను. ప్యాకేజీని ప్రకటించే డెఫ్‌ప్యాకేజీలో లోకల్-నిక్‌నేమ్స్ అని ఒక్క వరుస రాస్తే ఆ పొట్టిపేరు నా ప్యాకేజీ గడప దాటదు. కామన్ లిస్ప్‌ని నడిపే ఎస్‌బీసీఎల్, సీసీఎల్, ఈసీఎల్ మూడింట్లోనూ ఈ సదుపాయం ఉంది. "ప్రమాణంలో లేదుగా" అంటారు కొందరు. ఆ ప్రమాణంలో థ్రెడ్లు (ఒకేసారి పలు పనులు నడిపే పద్ధతి) కూడా లేవు, మరి వాడటం మానేశారా?

చివరికి మా ప్యాకేజీ పేరే మార్చాను. ఎక్కడో ఒక ఫైల్లో పాత పేరు మిగిలిపోయింది. అక్కడ పిలిస్తే పక్కింటి బుజ్జి పలుకుతోంది.